తెలుగు చేతికి చైనా గీతల వరస

తెలుగు రాసే చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది. 'అ' రాసినా 'ల' రాసినా కలం ఎత్తకుండా చుట్టుకుంటూ పోవడం పలక మీద బలపం పట్టిన రోజు నుంచీ మనకు అలవాటు. చైనా అక్షరం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ సున్న చుట్టడం లేదు, మెలిక లేదు. అన్నీ విడివిడి గీతలు. ప్రతి గీతకూ మొదలు ఎక్కడో, దిక్కు ఎటో, ఆగడం ఎలాగో ముందే తేలిపోయి ఉంటాయి. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంట్లో కూర్చుని ఫోన్ చూసి నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా చేసే పని అక్షరాన్ని బొమ్మలా దించెయ్యడం. ఇరవై ముప్పై అక్షరాల దాకా అది బాగానే సాగుతుంది. ఆ తర్వాత నిన్న రాసింది ఇవాళ గుర్తుండదు, ఎందుకంటే కంటికి తెలిసింది చేతికి తెలియలేదు. గీతల వరస అంటే చేతికి చెప్పే దారి.

వరస తప్పితే ఇంకో రెండు నష్టాలు ఉన్నాయి. చైనావాళ్ళు వేగంగా రాసేటప్పుడు గీతలు కలిసిపోతాయి. ఏ గీత తర్వాత ఏ గీత వస్తుందో ఆ క్రమంలోనే కలుస్తాయి. మీ వరస వేరైతే వాళ్ళ చేతిరాత మీకు అర్థం కాదు, మీ చేతిరాత వాళ్ళకు అర్థం కాదు. రెండోది, పొడవుల లెక్క. ముందు వేసిన గీతే వెనక వచ్చే గీతకు చోటు చూపిస్తుంది. వరస మారితే ఆ చోటు కూడా మారిపోతుంది.

ఎవరి వరసను పట్టుకోవాలన్నది మొదటే తేల్చుకోండి. చైనాలో 1997లో 7,000 అక్షరాలకు గీతల వరసను అధికారికంగా ఖాయం చేశారు. ఇప్పుడు నడుస్తున్నది 2021 మార్చి 1 నుంచి అమలైన ప్రమాణం, అందులో 8,105 అక్షరాలున్నాయి. తైవాన్‌కు వేరే ప్రమాణం ఉంది, జపాన్ బళ్ళలో నేర్పేది ఇంకొకటి. చాలా అక్షరాలకు మూడూ ఒకటే, కొన్నిటికి కావు. శ్రీసిటీలో జపాన్ కంపెనీల ఉద్యోగాల కోసం జపనీస్ నేర్చుకునేవాళ్ళు జపాన్ వరసలోనే ఉండాలి. రెండిటినీ కలిపితే చెయ్యి ఎటూ కాకుండా పోతుంది. ఇక్కడ చెప్పేదంతా చైనా వరస, సరళం చేసిన (గీతలు తగ్గించిన) అక్షరాలకు.

కాగితం, కలం

చైనా పిల్లలు రాసే పుస్తకంలో ప్రతి గడి మధ్యలో ప్లస్ ఆకారంలో చుక్కల గీతలు ఉంటాయి. అలాంటిది మన అంగళ్ళలో దొరకదు, అవసరం కూడా లేదు. చిన్నపిల్లలు లెక్కలకు వాడే గళ్ళ నోటుబుక్కు తీసుకోండి. పక్కపక్కన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు గడులను కలిపి ఒక గడిగా చూడండి. లోపలి గీతలే ఆ ప్లస్ అవుతాయి. చిన్న గడి సెంటీమీటరు ఉంటే మీ రాతగడి 2 సెంటీమీటర్లు అవుతుంది. మొదటి నెలకు ఇదే సరైన కొలత. అంతకన్నా చిన్నగా మొదలుపెడితే తప్పు ఎక్కడ ఉందో కనబడదు.

అక్షరం గడి అంచులకు తగలకూడదు, చుట్టూ ఓ 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. తెలుగులో ఒత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి మన చెయ్యి కిందికి జారే రకం. చైనా అక్షరంలో గీతలు రెండైనా ఇరవై అయినా అన్నీ ఒకే గడిలో ఇమడాలి.

మొదటి రెండు వారాలు 2బీ పెన్సిల్ వాడండి. ఎక్కడ నొక్కారో ఎక్కడ తేల్చారో నలుపులోనే తెలిసిపోతుంది. తర్వాత 0.5 జెల్ పెన్ను. బాల్‌పెన్నుతో గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుగా వస్తుంది కనుక నేర్చుకునే దశలో పనికిరాదు. రాసే కాగితం కింద ఇంకో నాలుగు కాగితాలు ఉంటే పెన్ను మొన మెత్తగా దిగుతుంది. తెలుగు రాసేటప్పుడు చాలామంది పుస్తకాన్ని ఎడమకు వాలుస్తారు. ఇక్కడ నిటారుగా పెట్టండి, లేకపోతే నిలువు గీతలన్నీ ఒరుగుతాయి.

గీతలు

పేర్లు ముందు నేర్చుకుంటే మేలు, ఎందుకంటే రాసేటప్పుడు పైకి పలుకుతూ రాయాలి. అడ్డగీత హెంగ్. నిలువు గీత షూ. ఎడమకు వాలుతూ దిగేది ఫ్యే. కుడికి వాలుతూ దిగేది నా. చుక్క త్యెన్. కింద నుంచి కుడిపైకి ఎగిరేది థీ. కొక్కెం కౌ. కలం ఎత్తకుండా మలుపు తిరిగేది చే. చైనా పలుకులో త, థ తేడా, ప, ఫ తేడా మన వత్తు అక్షరాల తేడాకు బాగా దగ్గర. ఒక్క జాగ్రత్త, ఫ్యేలో ఫ అంటే ప కింద వత్తు, 'ఫ్యాను'లో ఫ కాదు.

హెంగ్ ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే. మొదట్లో కొంచెం నొక్కి, మధ్యలో తేలిగ్గా లాగి, చివర మళ్ళీ నొక్కి ఆపాలి. చేతిరాతలో కుడి కొస ఒక పిసరు పైకి లేస్తుంది. స్కేలు పెట్టినట్టు గీస్తే అక్షరం కుడివైపుకు కుంగినట్టు కనిపిస్తుంది. షూ పై నుంచి కిందికే. చివర రెండు రకాలు: నొక్కి ఆపేది, సూదిమొనలా సన్నబడి గాలిలోకి పోయేది. ఫ్యేకు మొదట బరువు, చివర తేలిక. నా గీత దానికి తలకిందులు: సన్నగా మొదలై దిగేకొద్దీ బరువెక్కి, పాదం దగ్గర ఒక క్షణం ఆగి, కుడికి చదునుగా జారి సన్నబడుతుంది. అందరికీ ఆలస్యంగా వచ్చేది నా. ఒక్క దానికే రెండు రోజులు పెట్టినా తప్పులేదు.

కొక్కెం విదిలింపును పక్కన పెడితే, కింద నుంచి పైకి పోయే గీత థీ ఒక్కటే. మిగిలిన గీతలన్నీ కిందికో కుడికో పోతాయి, ఫ్యే మాత్రం ఎడమకు. ఇక్కడే ఒక మోసం ఉంది. 'వెయ్యి' అనే అక్షరంలో అన్నిటికన్నా పైన పొట్టిగా, దాదాపు పడుకుని ఉండే గీత చూస్తే అడ్డగీత అనిపిస్తుంది. అది హెంగ్ కాదు, చదునైన ఫ్యే. కుడి నుంచి ఎడమకు రాయాలి. కొస ఎడమవైపు సన్నబడి కిందికి వాలిందంటే అది ఫ్యే అని గుర్తు.

కౌ విషయంలో అందరూ చేసే తప్పు కొక్కేన్ని వంపుగా తిప్పడం. మనకు 'ర', 'ద' లాంటి వంపులు అలవాటు కదా. షూ కిందికి వచ్చి ఆగాలి, నొక్కాలి, ఆ తర్వాత ఎడమపైకి చిన్నగా విదిలించాలి. ఆగకుండా తిప్పితే అది కొక్కెంలా కాదు, తోకలా కనిపిస్తుంది.

చెప్పినట్టు గీస్తూ పొండి

ఇక్కడ అక్షరాల బొమ్మలు వేయడం లేదు. నోటుబుక్కు తెరిచి, చదివింది చదివినట్టు గీయండి, అక్షరం తనంతట తానే వస్తుంది. తర్వాత ఫోన్‌లో సరిచూసుకోండి.

ఒక హెంగ్, దాన్ని మధ్యలో కోస్తూ ఒక షూ. ఇది 'పది'. అడ్డం ముందు, నిలువు వెనక అన్న సూత్రం ఇదే. హెంగ్, షూ, అడుగున ఇంకో హెంగ్: ఇది 'మట్టి'. అడుగు గీత పైగీతకన్నా పొడవుండాలి. పైగీత పొడవైతే అది 'పండితుడు' అనే వేరే అక్షరం. మన 'మ'కూ 'య'కూ తేడాలాంటిదే ఇదీ. ఇప్పుడు హెంగ్, హెంగ్, షూ, హెంగ్: 'రాజు'. నిలువు గీత పైకీ కిందికీ పొడుచుకు రాకూడదు. జపాన్ వరసలో మొదటి హెంగ్ కాగానే షూ వేస్తారు. రెండు రకాల వీడియోలు కలిపి చూసేవాళ్ళు తికమకపడే చోటు ఇదే.

ఫ్యే, నా: 'మనిషి'. నా మొదలయ్యేది ఫ్యే పై కొసన కాదు, అక్కడి నుంచి కొంచెం కిందికి దిగాక. ఫ్యేను పొట్టి చేసి నా ఇంకా పై నుంచి మొదలైతే అది 'లోపలికి వెళ్ళు' అయిపోతుంది. రెండూ తగలకుండా విడిగా ఉంటే 'ఎనిమిది'. ఇదే మనిషి మీద ముందుగా ఒక హెంగ్ వేసి, దాన్ని దాటి వచ్చేలా ఫ్యే, తర్వాత నా: 'పెద్ద'. ఆ హెంగ్ పైన ఇంకో హెంగ్ ఉంటే 'ఆకాశం': హెంగ్, హెంగ్, ఫ్యే, నా. ఇందులో ఫ్యే పై హెంగ్ దగ్గరే మొదలవ్వాలి, దాన్ని దాటి తల బయటపెడితే ఆకాశం కాస్తా 'మొగుడు' అవుతుంది.

హెంగ్, షూ, ఫ్యే, నా: 'చెట్టు'. ఈ నిలువుకు కొక్కెం లేదు. చెట్టు పక్కన చెట్టు పెడితే 'అడవి', 8 గీతలు. అయితే ఎడమ చెట్టులోని నా కుంచించుకుని త్యెన్ అవుతుంది, లేకపోతే రెండో చెట్టుకు చోటుండదు. ఎడమ భాగంలో చివరి గీత కుడివైపుకు దారి ఇవ్వడం చాలా అక్షరాల్లో చూస్తారు. 'మట్టి' ఎడమ భాగమైనప్పుడు దాని అడుగు హెంగ్ కూడా ఇలాగే థీగా మారిపోతుంది.

ఇప్పుడు డబ్బా. 'నోరు' అనే అక్షరం ఒక చతురస్రంలా కనిపిస్తుంది. తెలుగు చెయ్యి దాన్ని చూసిన వెంటనే ఒకే గీతతో చుట్టేస్తుంది. అది 3 గీతలు: ఎడమ షూ, తర్వాత పై హెంగ్ లాగి మూల దగ్గర కలం ఎత్తకుండా కిందికి మలుపు, చివర అడుగు హెంగ్. మూల దగ్గర ఒక క్షణం ఆగి దిక్కు మార్చండి. ఆగకపోతే మూల గుండ్రమవుతుంది, డబ్బా కాస్తా మన సున్న అవుతుంది. అడుగుకు వచ్చేసరికి రెండు గోడలూ కొంచెం లోపలికి వాలితే అందంగా ఉంటుంది.

డబ్బా లోపల ఏదైనా ఉంటే సామాను సర్దాకే తలుపు మూయాలి. 'సూర్యుడు' 4 గీతలు: షూ, మలుపు, లోపలి హెంగ్, అడుగు హెంగ్. 'పొలం' 5: షూ, మలుపు, లోపల హెంగ్, షూ, చివర అడుగు. 'దేశం' 8: షూ, మలుపు, లోపల రాజు నాలుగు గీతలు, రాజు కుడి నడుము కింద ఒక త్యెన్, ఆ తర్వాత తలుపు. ముందే తలుపు మూసేస్తే లోపలి గీతలను ఉన్న చోటులో ఇరికించాల్సి వస్తుంది. రాజు అడుగు గీత వచ్చి తలుపుకు అతుక్కుంటుంది. ఎవరి నోటుబుక్కులోనైనా ఇలా అతుక్కుని కనిపిస్తే వరస తప్పిందని చూసీ చూడగానే చెప్పొచ్చు.

డబ్బాను చీల్చుకుపోయే గీత మాత్రం డబ్బా మూశాకే. 'మధ్య': షూ, మలుపు, అడుగు హెంగ్, ఆపైన నడిమధ్యన పొడుగు షూ.

సూత్రం తప్పే చోట్లు

పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం తర్వాత నిలువు, ఫ్యే తర్వాత నా, బయట ముందు లోపల వెనక, చివర తలుపు. ఈ సూత్రాలు నూటికి ఎనభై పాళ్ళు పనిచేస్తాయి అనుకోండి. మిగతాది ఒక్కో గుంపుగా నేర్చుకోవాలి.

నడుమ ఒకటి, అటూ ఇటూ రెక్కలు ఉంటే నడిమిదే ముందు. 'చిన్న': కొక్కెం ఉన్న షూ, ఎడమన పొట్టి ఫ్యే, కుడిన త్యెన్. 'నీళ్ళు' కూడా అంతే: నడుమ కొక్కెం షూ, తర్వాత ఎడమ రెక్క ఒక్క గీతలో అడ్డంగా పోయి ఫ్యేగా వాలుతుంది, తర్వాత కుడివైపు ఫ్యే, నా. 'కొండ'లో నడిమి షూ ముందు, తర్వాత ఎడమ గోడా అడుగూ కలిపి ఒకే మలుపు, చివర కుడి షూ. 'నిప్పు' మాత్రం ఎదురు తిరుగుతుంది: ముందు ఎడమ చుక్క, కుడి పొట్టి ఫ్యే, ఆ తర్వాతే నడిమి మనిషి. నీళ్ళు, నిప్పు పక్కపక్కన పెట్టి రాస్తే తేడా చేతికి పడుతుంది.

కింద పడవలా మోసే భాగం చివరికి. 'ఇది' అనే అక్షరంలో పడవ ఎడమన మొదలై అడుగున కుడిదాకా పోతుంది. ఎడమ నుంచి కుడికి అన్న సూత్రం పట్టుకుని పడవను ముందు రాస్తారు చాలామంది. లోపలి నాలుగు గీతలు ముందు (త్యెన్, హెంగ్, ఫ్యే, త్యెన్), పడవ మూడు గీతలు తర్వాత. పడవ ముందైతే లోపలిది ఎంత వెడల్పుంటుందో తెలియకుండానే అడుగు వేసినట్టవుతుంది.

కుడివైపు తెరిచి ఉన్న పెట్టె ఇంకో రకం. 'ప్రాంతం' అనే అక్షరంలో పై హెంగ్, లోపలి ఫ్యే, త్యెన్, చివరికి ఎడమ గోడా అడుగూ కలిపి ఒకే మలుపు. బయట ముందు అన్న సూత్రం ఇక్కడ సగమే చెల్లుతుంది.

'తొమ్మిది'లో ఫ్యే ముందు, కొక్కెం మలుపు తర్వాత. 'బలం'లో కొక్కెం మలుపు ముందు, ఫ్యే తర్వాత. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కారణం వెతక్కుండా బట్టీ పట్టడమే మంచిది.

'స్త్రీ' అనే అక్షరంలో పొడుగు అడ్డగీతే కంటికి ముందు తగులుతుంది కాబట్టి అందరూ దానితో మొదలుపెడతారు. అది ఆఖరిది. మొదటి గీత ఫ్యేలా దిగి, ఎత్తకుండా కుడికిందికి మలుపు తిరుగుతుంది. రెండోది ఫ్యే. మూడోది హెంగ్. దీని పక్కన 'బిడ్డ' పెడితే 'మంచి', 6 గీతలు. ఇక్కడ తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది: ఎడమ భాగానికే గడి అంతా వాడేస్తారు, బిడ్డ పక్కింట్లోకి పోతుంది. స్త్రీని గడిలో ఎడమ సగం దాటనివ్వకండి, దాని హెంగ్ కుడి కొసను నడిమి గీత దగ్గరే ఆపండి.

రోజుకు ఎంత

రోజుకు 5 కొత్త అక్షరాలు, 25 నిమిషాలు చాలు. ఒక్కో అక్షరానికి ముందు గాలిలో వేలితో, గీత పేరు పైకి పలుకుతూ రెండుసార్లు. చైనా బళ్ళలో పిల్లలతో ఇలాగే చేయిస్తారు. తర్వాత దిద్దడం మూడుసార్లు, చూసి రాయడం నాలుగుసార్లు, మూసి రాయడం మూడుసార్లు. దిద్దించే పద్ధతి మన రక్తంలోనే ఉంది, అందుకే దాన్ని అతిగా చేస్తాం. దిద్దేటప్పుడు కన్ను దారి చూపిస్తుంది, చెయ్యి వెంట పోతుంది. ఎన్నిసార్లు దిద్దినా చేతికి సొంతంగా దారి తెలియదు. అసలు పని జరిగేది మూసి రాసినప్పుడే. పేజీ నిండా ఒకే అక్షరం రాయడం కూడా వృథా. పదోసారి దాటాక చెయ్యి పైనున్న తన తప్పునే చూసి దించుతుంది. అదే అక్షరాన్ని మర్నాడు రెండుసార్లు, నాలుగో రోజు రెండుసార్లు, వారానికి ఒకసారి మూసి రాయండి.

ఎన్ని అక్షరాలు చేత్తో రాయగలగాలి అన్నదానికి కూడా ఒక లెక్క ఉంది. విదేశీయుల చైనీస్ స్థాయిని కొలవడానికి 2021లో చైనా విడుదల చేసిన ప్రమాణాల్లో మొదటి మూడు స్థాయిలకు 900 అక్షరాలు చదవడం రావాలి, రాయడం మాత్రం 300 చాలన్నారు. కనిపించిన ప్రతి అక్షరాన్నీ రాసి ఆయాసపడనక్కర్లేదు.

కుంచె కావాలనిపిస్తే సిరా దాకా పోకుండా నీళ్ళతో మొదలుపెట్టండి. చైనా పార్కుల్లో పెద్దవాళ్ళు పొద్దున్నే పెద్ద కుంచెలు నీళ్ళలో ముంచి నేల మీద రాస్తుంటారు. మన మిద్దె మీదా చెయ్యొచ్చు, కాకపోతే ఎండాకాలం తిరుపతిలో ఎనిమిది గంటలు దాటితే ఏడో గీత వేసేలోపు మొదటి గీత ఆరిపోతుంది. నొక్కితే లావు, తేలిస్తే సన్నం అన్న సంగతి దగ్గర నుంచి చూడాలంటే శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళను చూడండి. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కే ఒత్తిడితోనే రంగును వదులుతారు. పని వేరు, చేతివాటం దగ్గరిదే.

కుంచె పట్టాక మొదటి పాఠంగా తరతరాలుగా రాయించే అక్షరం 'శాశ్వతం', పలకడం యుంగ్. క్రీ.శ. 353లో చైనా చేతిరాత కళాకారుడు వాంగ్ షీచ్ర్ రాసిన ప్రసిద్ధమైన చేతిరాత మొదలయ్యేదీ ఈ అక్షరంతోనే. గీతలు 5: పైన త్యెన్; పొట్టి అడ్డం, నిలువు, కొక్కెం కలిపి ఒకే గీత; ఎడమన అడ్డంగా పోయి వాలే గీత; కుడిన పొట్టి ఫ్యే; నా. ఇందులో ఎనిమిది రకాల కదలికలూ వచ్చేస్తాయి.

సరిచూసుకోవడం

ఫోన్‌లో అక్షరాన్ని చూసి దించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోన్ అక్షరాలు అచ్చు కోసం చేసినవి, చేతిరాత రూపం వేరుగా ఉంటుంది. చేతిరాతకు దగ్గరగా ఉండే 'ఖాయ్' రకం అచ్చు ఉన్న పుస్తకమో యాపో చూడండి. రెండోది, ఫోన్ భాషల జాబితాలో చైనీస్ చేర్చకపోతే కొన్ని అక్షరాలు జపాన్ రూపంలో కనిపించవచ్చు. 'ఎముక', 'తిన్నని' లాంటివి ఇలా మోసం చేస్తాయి.

వేలితో తెర మీద రాస్తే గుర్తుపట్టే కీబోర్డు పరీక్షకు పనికిరాదు. వరస తప్పినా అది సర్దుకుని సరైన అక్షరమే చూపిస్తుంది. దానికి బదులు ఐదు మీటల గీతల కీబోర్డు పెట్టుకోండి. గూగుల్ వారి జీబోర్డులోనూ ఐఫోన్‌లోనూ చైనీస్ కింద ఉంటుంది. మీటలు ఐదే: హెంగ్, షూ, ఫ్యే, త్యెన్, మలుపు. నా గీతకు త్యెన్ మీట, థీకి హెంగ్ మీట, కొక్కెం షూకు షూ మీట. తిరిగే గీతలు మిగతావన్నీ మలుపు మీటే. వరస తప్పితే అక్షరం రాదు, వేరేది వస్తుంది.

'నేను' అనే అక్షరంతో మొదలుపెట్టండి. 7 గీతలు. ఫ్యే, హెంగ్, కొక్కెం షూ, థీ, కుడికి వాలే పొడుగు కొక్కెం, దాన్ని కోస్తూ ఫ్యే, చివర పైన కుడిన చుక్క. మీటల్లో: ఫ్యే, హెంగ్, షూ, హెంగ్, మలుపు, ఫ్యే, త్యెన్. ఎక్కువమంది ఆ పై చుక్కను మర్చిపోతారు, లేదా పొడుగు కొక్కెం వెయ్యగానే పెట్టేస్తారు. అది ఆఖరిది.